డిపోలో స్పేర్ బండి: ఎపిసోడ్లు ముందే రికార్డ్ చేసి పెట్టుకోవడం గురించి

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఎప్పట్లాగే వచ్చేశాను.

అంటే, మీకు అలా అనిపిస్తుంది. నేను మాత్రం ఇప్పుడు ఒక మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి, ఫ్యాన్ ఆపేసిన గదిలో చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాను. మీరు ఇది చూసేసరికి ఓ నాలుగు వారాలు గడిచిపోయి ఉంటాయి. ఈలోపు ఏదైనా పెద్ద విషయం జరిగి, "ఇతనేంటి, దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు" అని మీకనిపిస్తే, అందుకు కారణం ఇదే. నాకింకా అది తెలీదు.

ఇవాళ దీని గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఒకటుంది. "అన్నా, నేను కూడా పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాను. మూడు వారాలు కరెక్ట్‌గా పెట్టాను. తర్వాత సెమిస్టర్ ఎగ్జామ్స్ వచ్చాయి, ఆగిపోయింది. మీరు ఒక్క వారం కూడా మిస్ అవ్వరు, ఎలా?" నిజం చెప్పాలంటే, నేనూ మిస్ అవుతాను. జ్వరం వస్తుంది, పని పడుతుంది, కొన్ని వారాలు మైక్ ముఖం కూడా చూడాలనిపించదు. కాకపోతే అది మీ దాకా రాదు. ఎందుకు రాదో, అలా రాకుండా చేసుకోవడంలో నేను చేసిన ఒక పెద్ద తప్పేంటో, రెండూ చెప్తాను.

మూడు ఆదివారాలు

ఈ షో 2023 జనవరిలో మొదలుపెట్టాను. అప్పుడింకా ఉద్యోగంలోనే ఉన్నా. సోమవారం నుంచి శుక్రవారం దాకా కోడ్, శనివారం రికార్డింగ్, శనివారం రాత్రంతా ఎడిటింగ్, ఆదివారం ఎనిమిదింటికి పోస్టింగ్. 22 ఎపిసోడ్లు అలాగే లాగించేశాను. నేనెంత క్రమశిక్షణ గలవాణ్ణో అని నాకు నేనే మురిసిపోయేవాణ్ణి.

జూన్‌లో నాన్నకి బైపాస్ సర్జరీ అయింది. గుంటూరులో. నేను హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో వెళ్ళిపోయాను. ఆ ఆదివారం ఎపిసోడ్ లేదు. రెండో వారం ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో 11 నిమిషాలు ఏదో మాట్లాడి పెట్టాను. మధ్యలో లిఫ్ట్ తలుపు చప్పుడు, ఎవరో ఎవర్నో పేరు పెట్టి పిలవడం, మాట మాటకీ నా గొంతు తడబడటం. రెండు గంటల తర్వాత నేనే తీసేశాను. మూడో వారం అసలు ప్రయత్నించనేలేదు.

అప్పుడొక మెసేజ్ వచ్చింది. ఒక క్యాబ్ డ్రైవర్ అన్న. "తమ్ముడూ, శనివారం నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్ళేటప్పుడు నీ ఎపిసోడ్ పెట్టుకుంటా. మూడు వారాల నుంచి లేదు. ఆపేశావా? ఆపేస్తే చెప్పు, వేరేది చూసుకుంటా." అందులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ తగిలింది. ఒక మనిషి తన వారంలో నాకోసం ఒక గంట పక్కన పెట్టుకున్నాడు. నేను రాకపోతే రోడ్డు మీద నిలబడి ఎదురుచూస్తున్నట్టే కదా.

ఆ మెసేజ్ నాన్నకి చదివి వినిపించాను. మా నాన్న ఆర్టీసీ కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. తెనాలి చుట్టుపక్కల రూట్లన్నీ ఆయనకి కంఠతా వచ్చు. మంచం మీద పడుకునే అన్నారు: "నువ్వే డ్రైవరు, నువ్వే కండక్టరు, నువ్వే బండి. డిపోలో స్పేర్ బండి కూడా లేకుండా సర్వీసు నడుపుతున్నావు. ఇలాగే ఉంటది."

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. డిపోలో ఉన్న బస్సులన్నీ రోజూ రోడ్డెక్కేయవు. కొన్ని పక్కన ఉంచుతారు. పొద్దున ఒక బండి స్టార్ట్ అవ్వకపోతే, ఆ సర్వీసుకి స్పేర్ బండి వెళ్తుంది. స్టాప్‌లో నిలబడ్డవాళ్ళకి ఏ నంబరు బండి వచ్చిందన్నది పట్టదు. టైముకి వచ్చిందా లేదా, అంతే.

నాలుగేళ్ళు బీటెక్ చదివి, తర్వాత ఉద్యోగంలో సర్వర్లకి బ్యాకప్‌లు పెట్టినవాడిని. ఈ మాట నాకు నాన్న చెప్పాల్సి వచ్చింది.

బఫర్ అంటే ఏంటి

మీ ఫోన్‌లో వీడియో చూస్తుంటే, ఎరుపు గీతకి ముందు లేత రంగు గీత ఒకటి పరిగెడుతూ ఉంటుంది చూశారా? అది బఫర్. నెట్ నుంచి వీడియో ఒకే వేగంతో రాదు. ఒక క్షణం జోరుగా వస్తుంది, లిఫ్ట్‌లోకి వెళ్తే ఆగిపోతుంది. కానీ మీ కళ్ళకి మాత్రం ఒకే వేగంతో కనిపించాలి. అందుకని ఫోన్ కొన్ని సెకన్ల వీడియో ముందే తెచ్చి దాచుకుంటుంది. నెట్ తడబడినా ఆ దాచుకున్నది ఆడుతూ ఉంటుంది.

పాడ్‌కాస్ట్ కూడా అంతే. తయారుచేసే మనిషి వేగం ఒకేలా ఉండదు. వినేవాళ్ళకి మాత్రం వారానికి ఒకటి కావాలి. ఈ రెండిటి మధ్యలో ఓ తొట్టి ఉండాలి. నేను పని చేసిన వారం తొట్టి నిండుతుంది, చేయలేని వారం అది ఖాళీ అవుతుంది. కుళాయి మాత్రం ఎప్పుడూ ఒకేలా పారుతుంది.

టీవీ వాళ్ళకి ఇది పాత సంగతి. సీరియల్ యూనిట్లలో దీన్ని ఎపిసోడ్ బ్యాంక్ అంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి షూటింగులు ఆగిపోయినప్పుడు ఏమైందో గుర్తుందా? బ్యాంకులో ఉన్న ఎపిసోడ్లు ఉన్నంతవరకు వచ్చాయి. అవి అయిపోయాక పాతవే మళ్ళీ వేశారు. దూరదర్శన్ అయితే మార్చి 28 నుంచి పాత రామాయణం మళ్ళీ ప్రసారం చేసింది. ఎంత పెద్ద ఛానెల్ అయినా బ్యాంకులో ఉన్నంతే బలం. మనమెంత?

ఎన్ని పెట్టుకోవాలి

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "ఈ వారం నుంచి ముందే రికార్డ్ చేస్తాను" అనుకుంటారు. వారానికి ఒకటి రికార్డ్ చేసి, వారానికి ఒకటి పోస్ట్ చేస్తే తొట్టిలో ఎప్పటికీ సున్నానే. ముందుగా కొంచెం ఎక్కువ పని చేయక తప్పదు. ఒకేసారి పది చేసేద్దామని కూర్చుంటే మూడోదానికే ప్రాణం పోతుంది. నేను చేసింది చెప్తాను: రెండు వారాలకి మూడు. ఒక వారం ఒకటి, తర్వాతి వారం రెండు. రెండు వారాల్లో రెండు ఖర్చవుతాయి, ఒకటి మిగులుతుంది. ఎనిమిది వారాలయ్యేసరికి నా దగ్గర నాలుగు పోగయ్యాయి.

నాలుగే ఎందుకు? ఒక లెక్క ఉంది. మీ జీవితంలో రాగల అంతరాయం ఎంత పొడవు ఉండొచ్చో అంత. జ్వరమైతే ఒక వారం. సెమిస్టర్ ఎగ్జామ్స్ అయితే రెండు, మూడు. ఇంట్లో పెళ్ళయితే రెండు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయితే మూడు, నాలుగు. స్టూడెంట్ అయితే మూడు చాలు, ఇంటి బాధ్యతలు ఉంటే నాలుగు.

"మరి 20 పెట్టుకుంటే ఇంకా సేఫ్ కదా అన్నా?" కాదు. బ్యాంకులో 20 ఉంటే, ఇవాళ రికార్డ్ చేసింది 20 వారాల తర్వాత బయటికొస్తుంది. ఇవాళ ఎవరో "మీ మైక్‌లో గదిలో ప్రతిధ్వని వినిపిస్తోంది" అని చెప్పారనుకోండి. మీరు వెంటనే గోడకి దుప్పటి కట్టేశారు. కానీ వాళ్ళు ఇంకో 20 వారాలు అదే ప్రతిధ్వని వింటారు. "చెప్పినా పట్టించుకోడు" అనుకుని వెళ్ళిపోతారు. తొట్టి పెద్దదయ్యేకొద్దీ వినేవాళ్ళకీ మనకీ మధ్య దూరం పెరుగుతుంది. అందుకే నాలుగు దాటితే నేను రికార్డింగ్ ఆపేస్తాను. ఆ టైములో పుస్తకం చదువుకుంటాను, లేదా నిద్రపోతాను.

రికార్డింగ్ రోజు

ఇది కాస్త టెక్నికల్, కానీ ఫోన్‌తో రికార్డ్ చేసేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

ఒక రోజుకి రెండు. మూడోదాంట్లో గొంతు మారిపోతుంది. మీకు తెలియదు, వినేవాళ్ళకి తెలుస్తుంది. కష్టమైన టాపిక్ ముందు, తేలికైనది తర్వాత. మధ్యలో కనీసం ముప్పావుగంట గ్యాప్. ఆ గ్యాప్‌లో కడుపునిండా పెరుగన్నం తినకండి. నేను తిన్నాను. రెండో ఎపిసోడ్‌లో ఆవలింతలు ఎడిట్ చేయడానికే గంట పట్టింది.

ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోతారు, పాలు విరుగుతాయి, అమ్మ తిడుతుంది. దానికి ఓ చిట్కా: బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి వెళ్ళాలంటే ఫ్రిజ్ తెరవాల్సిందే, స్విచ్ గుర్తొస్తుంది. ఇంకోటి, మొదలుపెట్టే ముందు 20 సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి. తర్వాత ఎక్కడైనా దగ్గు కట్ చేస్తే, ఆ ఖాళీలో ఈ నిశ్శబ్దం అతికించొచ్చు. లేకపోతే శబ్దం ఒక్కసారిగా తెగినట్టు వినిపిస్తుంది.

స్టోరేజ్ సంగతి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, ఒక మైక్: గంటకి దాదాపు 520 ఎంబీ. గెస్ట్ ఉంటే రెండు మైకులు, ఒక జీబీకి పైనే. బ్యాంకులో నాలుగు ఎపిసోడ్లు ఉన్నాయంటే అది ఒక నెల కష్టం. దాన్ని ఒక్క హార్డ్ డిస్క్‌లో పెట్టి, ఆ డిస్క్‌ని టేబుల్ అంచున పెట్టకండి. ఐటీలో ఒక పాత సూత్రం ఉంది: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఇంటి బయట. ల్యాప్‌టాప్, డిస్క్, క్లౌడ్. అంతే.

ఇక మాటల విషయం. బ్యాంకులోకి వెళ్ళే ఎపిసోడ్‌లో "నిన్న", "మొన్న మ్యాచ్‌లో", "ఈ ఎండలకి" లాంటివి అనకూడదు. చూడ్డానికి చిన్న విషయమే. కానీ "ఈ ఎండలకి చచ్చిపోతున్నాం" అన్న మాట ముసురు పట్టిన రోజు వినిపిస్తే, వినేవాడికి మన మీద నమ్మకం ఓ పిసరు తగ్గుతుంది.

టైమ్ జోన్ కూడా చూసుకోండి. నేను మొదట్లో షెడ్యూల్ పెడితే ఎపిసోడ్ పొద్దున ఎనిమిదికి కాకుండా మధ్యాహ్నం ఒకటిన్నరకి వచ్చింది. ఎందుకంటే ఆడియో పెట్టే చోట టైమ్ యూటీసీలో ఉంది, నేను చూసుకోలేదు. మన టైమ్ యూటీసీ కంటే ఐదున్నర గంటలు ముందు. మనకి ఎనిమిది అంటే వాళ్ళకి 2:30. డల్లాస్‌లో వినే మనవాళ్ళకి ఇది శనివారం రాత్రి తొమ్మిదిన్నర. చలికాలంలో వాళ్ళ గడియారం మారి ఎనిమిదిన్నర అవుతుంది, "టైమ్ మార్చారా?" అని అడుగుతారు. మార్చింది నేను కాదండీ.

ఆవకాయ, రోటి పచ్చడి, ఉప్మా

అన్నీ దాచుకోవడానికి పనికిరావు. నేను ఎపిసోడ్లని మూడు రకాలు చేసుకున్నాను.

ఆవకాయ ఎపిసోడ్లు: వేసవిలో పెడితే ఏడాదంతా తినొచ్చు. రెజ్యుమె ఎలా రాయాలి, యూపీఐ ఎలా పనిచేస్తుంది, ఇంగ్లిష్ భయం ఎలా పోగొట్టుకోవాలి. ఎప్పుడు విన్నా విలువ తగ్గదు. బ్యాంకులో ఉండాల్సింది ఇవే.

రోటి పచ్చడి ఎపిసోడ్లు: ఓ రెండు రోజులు నిలుస్తుంది, ఆ తర్వాత వాసన వస్తుంది. కొత్త ఫోన్, కొత్త సినిమా, ఈఏపీసెట్ కౌన్సెలింగ్ లాంటివి. వీటికి ఫైల్ పేరులోనే గడువు తేదీ రాస్తాను. ఆ తేదీ దాటితే పోస్ట్ చేయను, ఎంత కష్టపడి చేసినా సరే.

ఉప్మా ఎపిసోడ్లు: వేడిగా ఉన్నప్పుడే. నిన్న జరిగినదాని గురించి ఇవాళ మాట్లాడేవి. వీటిని అసలు దాచకూడదు. ఉప్మా వచ్చిన వారం ఆవకాయ జాడీ మూత తీయక్కర్లేదు, అది పక్కకి జరుగుతుందంతే.

గెస్టులతో చేసినవి ఏ రకమో ముందే చెప్పలేం. ఒకసారి ఒక అమ్మాయితో ఇంటర్వ్యూ చేశాను. తన ఉద్యోగం, టీమ్, మేనేజర్ గురించి ఎంతో సంతోషంగా చెప్పింది. అది ఐదు వారాల తర్వాత రావాల్సి ఉంది. పోస్ట్ చేసే ముందు రోజు ఎందుకో మెసేజ్ పెట్టాను, "రేపు వస్తుందండీ" అని. తను ఫోన్ చేసింది. పది రోజుల క్రితమే ఉద్యోగం పోయిందట. "ప్లీజ్, అది పెట్టకండి, నా వల్ల కాదు" అంది. ఆ మెసేజ్ పెట్టకపోయి ఉంటే? తన జీవితంలో అత్యంత చెడ్డ వారంలో, తన సంతోషాన్నే నేను ఊరంతా వినిపించేవాణ్ణి. అప్పటి నుంచి ప్రతి గెస్టుకీ రెండు రోజుల ముందు ఒకే ప్రశ్న అడుగుతాను: "ఏమైనా మారిందా?"

సెప్టెంబర్ 1

ఇప్పుడు మొదట్లో చెప్పిన ఆ పెద్ద తప్పు.

2024 ఏప్రిల్‌లో ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి దిగాను. బ్యాంకు బాగా నడుస్తోంది. ఆగస్టులో ఒక ఫ్రెండ్‌తో కలిసి వాన గురించి సరదా ఎపిసోడ్ ఒకటి చేశాను. చిన్నప్పుడు స్కూలుకి సెలవిస్తారని వాన కోసం మొక్కుకోవడం, వీధిలో కాగితం పడవలు, మిరపకాయ బజ్జీ. గంటసేపు నవ్వుకున్నాం. షెడ్యూల్‌లో పెట్టాను: ఆదివారం, సెప్టెంబర్ 1, పొద్దున 8 గంటలకి.

ఆ తేదీ విజయవాడవాళ్ళకి చెప్పక్కర్లేదు. శనివారం నుంచి కుండపోత. బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చేశాయి. జనం పిల్లల్నెత్తుకుని మేడలెక్కారు. అటు ఖమ్మంలో మున్నేరు పొంగింది. నేను హైదరాబాద్‌లో, రాత్రి ఆలస్యంగా పడుకుని, "షెడ్యూల్ ఉందిగా" అని హాయిగా పది దాకా నిద్రపోయాను. వాన శబ్దానికి నిద్ర ఇంకా బాగా పట్టింది కూడా.

లేచేసరికి కామెంట్లు. ఒకటి మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. "అన్నా, మేం మేడ మీద ఉన్నాం. కింద ఇల్లు మునిగింది. ఫోన్‌లో ఛార్జింగ్ 30 ఉంది. ఏదైనా సమాచారం చెప్తారేమోనని ఓపెన్ చేశా. మీరు బజ్జీల గురించి నవ్వుతున్నారు."

ఆ 30 శాతం ఛార్జింగ్‌లో కొంత నా నవ్వుకి ఖర్చయింది. నేను కావాలని చేయలేదు. మెషీన్ చేసింది. కానీ ఆ మెషీన్‌ని పెట్టింది నేనే కదా. వెంటనే వీడియో తీసేశాను, క్షమాపణ చెప్పాను, అధికారులు ఇచ్చిన హెల్ప్‌లైన్ నంబర్లు పెట్టాను. అప్పటికి రెండున్నర గంటలైంది.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన తిట్టలేదు. "స్పేర్ బండి తియ్యటం మంచిదేరా. కానీ రోడ్డు మీద నీళ్ళున్నాయో లేదో కనుక్కోకుండా ఏ డిపోలో అయినా బండి పంపిస్తారా?" అన్నారు.

శనివారం రాత్రి తొమ్మిది

అప్పటి నుంచి నాకు మూడు నియమాలు.

ఒకటి. షెడ్యూల్ బటన్ చివరి మాట కాదు. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌లో అలారం మోగుతుంది. వార్తలు చూస్తాను. ఎపిసోడ్ మొదటి ఐదు నిమిషాలు వింటాను. నన్ను నేను ఒకటే అడుగుతాను: రేపు పొద్దున ఇది ఎవరికైనా గుచ్చుకుంటుందా? అనుమానం వస్తే ఆపేస్తాను, ఇంకో ఆవకాయ జాడీ తీస్తాను. యూట్యూబ్‌లో షెడ్యూల్ చేసిన వీడియో ఆ టైమ్ వచ్చేదాకా ప్రైవేట్‌గానే ఉంటుంది కాబట్టి తేదీ మార్చడం అర నిమిషం పని. ఇంకో మాట, రెండు రోజుల ముందే అప్‌లోడ్ చేసి పెట్టుకోండి. కాపీరైట్ చెకింగ్, హెచ్‌డీ ప్రాసెసింగ్ అన్నీ అప్పటికి అయిపోతాయి.

రెండు. ఆపే అధికారం ఇంకొకరికి కూడా ఉండాలి. మా అక్కకి ఛానెల్‌లో మేనేజర్ పర్మిషన్ ఇచ్చాను. పాస్‌వర్డ్ ఇవ్వలేదు, ఇవ్వక్కర్లేదు, సెట్టింగ్స్‌లో మనిషిని యాడ్ చేయొచ్చు. అక్కకి ఎడిటింగ్ రాదు. ఒక్క పని నేర్పాను: వీడియోని ప్రైవేట్ చేయడం. నేను నిద్రపోతున్నా, ఫోన్ కలవకపోయినా, నన్ను అడగకుండా ఆపేయొచ్చు.

మూడు. ఎపిసోడ్‌ని తల లేకుండా దాచుకోండి. అంటే, బ్యాంకులో ఉండేది అసలు విషయం మాత్రమే. మొదటి అర నిమిషం, "ఈ వారం ఇలా జరిగింది, మీరెలా ఉన్నారు" అనే ముక్క, శనివారం రాత్రి తాజాగా రికార్డ్ చేసి అతికిస్తాను. పాత అన్నంలో కొత్త తాలింపు అనుకోండి. వినేవాడికి నేను ఇవాళ్టి మనిషినే అని తెలుస్తుంది. మిగతా గంట నాలుగు వారాల క్రితందైనా పర్లేదు.

ఈ ఎపిసోడ్‌కి మాత్రం ఆ ముక్క కావాలనే పెట్టట్లేదు. దాచిపెట్టింది అచ్చంగా ఎలా ఉంటుందో మీకు తెలియాలని.

ఐదు వారాలు

2025 ఫిబ్రవరిలో నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట. మళ్ళీ రాత్రి బస్సు. మళ్ళీ ఆస్పత్రి. ఈసారి తేడా ఒక్కటే: బ్యాంకులో నాలుగు ఉన్నాయి.

బస్సులో కూర్చుని నాలుగింటికీ తేదీలు పెట్టేశాను. అక్కకి "శనివారం చూసుకో" అని మెసేజ్ పెట్టాను. తాలింపు ముక్కలు లేకుండానే పంపాం. ఆ తర్వాత షో సంగతే మర్చిపోయాను. నాన్నకి గడ్డం గీశాను. ఎడమ చేత్తో స్పూన్ పట్టుకోవడం నేర్పించాను. ఫిజియోథెరపీ వాళ్ళు చెప్పింది రాసుకున్నాను. 2023లో మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో మాట్లాడిన ఆ 11 నిమిషాలు, ఈసారి ఆయన మంచం పక్కనే గడిచాయి.

రెండో ఆదివారం ఐసీయూ బయట బెంచీ మీద ఉంటే ఎవరో మెసేజ్ పెట్టారు: "అన్నా, ఇవాళ మీ నవ్వు వింటే మూడ్ సెట్ అయిపోయింది." చాలాసేపు ఆ మాట వంకే చూస్తూ కూర్చున్నాను. నేను వీళ్ళని మోసం చేస్తున్నానా అనిపించింది. కాదనుకున్నాను. ఆ నవ్వు నిజమే, జనవరిలో నిజంగానే నవ్వాను. స్టాప్‌లో ఉన్నవాడికి బండి టైముకి వచ్చింది. బండి మాత్రం వేరు.

కానీ నాలుగు వారాలకి నాలుగూ అయిపోయాయి. ఐదో ఆదివారానికి జాడీ ఖాళీ. అప్పుడు రెండు నిమిషాల ఆడియో పెట్టాను: నాన్నకి బాలేదు, ఈ వారం ఎపిసోడ్ లేదు, వచ్చే వారం చెప్తాను. ఎడిటింగ్ లేదు, మ్యూజిక్ లేదు. ఆ క్యాబ్ డ్రైవర్ అన్న మళ్ళీ రాశాడు. "చెప్పావుగా, చాలు. నాన్నని చూసుకో. నేను పాతవి వింటా."

చూడండి, 2023లో ఆయనకి కావాల్సింది కూడా అదే. ఎపిసోడ్ రాకపోవడం కాదు, ఎందుకు రాలేదో తెలియకపోవడం ఆయన బాధ. ముందే దాచుకున్న ఎపిసోడ్లు నాకిచ్చింది నాలుగు వారాల టైమ్. ఆ టైమ్ కూడా అయిపోతే ఇక నిజం చెప్పడమే. దానికి బఫర్ అక్కర్లేదు.

నాన్న ఇప్పుడు బాగానే ఉన్నారు. నెమ్మదిగా నడుస్తున్నారు. మాట తిరిగి వస్తున్న రోజుల్లో ఆయన స్పష్టంగా అన్న మొదటి మాట ఏంటో తెలుసా? "టైమెంత?" ముప్పై ఏళ్ళ కండక్టర్ కదా.

సో, ఇవాళ్టికి మీ హోమ్‌వర్క్ చిన్నదే. నాలుగు వద్దు. ఒక్కటి చేయండి. ఆవకాయ లాంటి టాపిక్ ఒకటి తీసుకుని, ఈ వారం ఒక్క ఎపిసోడ్ అదనంగా రికార్డ్ చేసి పక్కన పెట్టండి. దాన్ని ముట్టుకోకండి. మీకు బాగాలేని రోజు, లేదా మీవాళ్ళకి బాగాలేని రోజు ఒకటి వస్తుంది. రాకూడదనే కోరుకుందాం, కానీ వస్తుంది. ఆ రోజు మీరు వాళ్ళ పక్కన ఉండొచ్చు.

ఇప్పుడు నేను లేచి ఫ్యాన్ వేసుకోవాలి. ఫ్రిజ్ కూడా. తాళం అందులోనే ఉంది.

వచ్చే ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కలుద్దాం. స్పేర్ బండి అయినా సరే, బండి మాత్రం వస్తుంది.